రోగి కోరినదీ, వైద్యుడు చెప్పినదీ

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట, సూరత్ నగరానికి పడమరగా, హజీరా అనే తీరగ్రామం ఉన్నది. సరుగుడు చెట్ల నీడ, విశాలమైన ఇసుక తీరం, ఎడతెగని సముద్రపు గాలి ఆ ఊరి సొత్తు. ఇనుము, గంధకం కలిసిన నీటి బావులు రెండు ఇక్కడ ఉన్నాయనీ, ఆ నీరు ఒంటికి మంచిదనీ ప్రతీతి. ఆ గాలి కోసం, ఆ నీటి కోసం జనం హజీరాకు వచ్చేవారు. ఆరోగ్యాన్ని వెదుక్కుంటూ మనుషులు తామై నడిచివచ్చిన ఊరు అది.

1980 దశకంలో హజీరా రూపురేఖలు మారిపోయాయి. పశ్చిమ సముద్ర గర్భం నుండి సహజవాయువు ఈ తీరానికి చేరింది. ఉత్తర భారతానికి ఆ వాయువును మోసుకుపోయే హజీరా–బిజైపూర్–జగదీశ్‌పూర్ గొట్టపు మార్గం ఇక్కడినుండే బయలుదేరింది. క్రిభ్‌కో సహకార సంస్థ ఎరువుల కర్మాగారం వెలసింది. ఆ తరువాత ఉక్కు, పెట్రో రసాయనాలు, భారీ యంత్ర నిర్మాణం, ఓడరేవు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2005లో ద్రవీకృత సహజవాయువును దిగుమతి చేసుకొనే కేంద్రం పని ప్రారంభించింది. నేడు ఇక్కడికి మనుషులు వచ్చేది ఆరోగ్యం కోసం కాదు, పని కోసం. వారిలో కంపెనీ కాలనీలలో నివసించే ఉద్యోగులు ఉన్నారు. ఇరుకు గదులలో పలువురు కలిసి తలదాచుకొనే కాంట్రాక్టు కూలీలు ఉన్నారు. తరతరాలుగా ఈ తీరాన్నే నమ్ముకొన్న మత్స్యకారులు, రైతులు ఉన్నారు.

ఇటువంటి చోట ఒక ఆరోగ్య కేంద్రమో, వ్యాయామశాలో నెలకొల్పాలని అధికారులు సంకల్పించారనుకొందాం. నమూనా ఎవరు గీస్తారు? వైద్యాధికారి ఒకరు, ఇంజనీరు ఒకరు, నిర్వాహకుడు ఒకరు బల్ల చుట్టూ కూర్చుంటారు. స్థలం, పరికరాలు, పనివేళలు నిర్ణయమవుతాయి. ప్రారంభోత్సవం జరుగుతుంది. కొంతకాలానికి అక్కడికి రావలసినవారు రావడం లేదని తేలుతుంది. అప్పుడు అందరూ అనే మాట ఒక్కటే: "ప్రజలలో చైతన్యం లేదు." ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయిందన్న సంగతి ఎవరికీ స్ఫురించదు.

ఆ ఖాళీ కుర్చీ రోగిది.

నాలుగు పాదాలలో ఒక పాదం

"రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే" అని మనకొక సామెత ఉన్నది. ఇద్దరి మాటా ఒకటి కావడం అదృష్టవశాత్తూ జరిగే విషయమని ఆ సామెత ధ్వని. నిజానికి దానిని అదృష్టానికి వదలివేయనక్కరలేదు, ప్రయత్నించి సాధించవచ్చును.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరక సంహిత చెప్పింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి—ఇవే ఆ నాలుగు. మంచి రోగికి ఉండవలసిన లక్షణాలలో వైద్యుని ఆదేశాలను పాటించడం ఒకటి; తన బాధను స్పష్టంగా తెలియజెప్పగలగడం మరొకటి. రోగి చికిత్సను స్వీకరించే పాత్ర మాత్రమే కాడనీ, చికిత్సను నిలబెట్టే పాదాలలో ఒకడనీ దీని భావం. కాలక్రమాన మొదటి లక్షణాన్ని మనం బాగా గుర్తుంచుకొన్నాం, రెండవదానిని మరిచిపోయాం.

1978లో సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఇదే విషయాన్ని ఆధునిక పరిభాషలో ప్రకటించింది. తమ ఆరోగ్య సేవల ప్రణాళికలోను, అమలులోను పాల్గొనడం ప్రజల హక్కు మాత్రమే కాదు, విధి కూడా అని ఆ ప్రకటన సారాంశం. ప్రకటనలు చేయడం సులభం. వాటిని ఆచరణలో పెట్టినవారు ఏం చేశారో తెలుసుకోవడం ఎక్కువ ప్రయోజనకరం.

చాపమీద కూర్చోగల కాలు

1985లో తెలుగునాట విడుదలైన "మయూరి" చిత్రాన్ని చాలామంది పాఠకులు మరచిపోయి ఉండరు. ప్రమాదంలో కాలు పోగొట్టుకొన్న నర్తకి సుధాచంద్రన్ తన కథలో తానే నటించిన చిత్రమది. ఆమె తిరిగి వేదిక ఎక్కింది జైపూర్ కాలు సహాయంతో. ఆ కాలు పుట్టిన వృత్తాంతం మన విషయానికి చక్కని ఉదాహరణ.

జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల శస్త్రవైద్యుడుగా పనిచేసిన డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ ఒక చిత్రమైన విషయాన్ని గమనించారు. ఎంతో శ్రమపడి అమర్చిన కృత్రిమ పాదాలను రోగులు విడిచిపెట్టి మళ్ళీ ఊతకర్రలనే ఆశ్రయిస్తున్నారు. లోపం రోగుల పట్టుదలలో లేదు. పాదం తయారీలోనే ఉన్నది. అది పాశ్చాత్య దేశాల జీవితానికి తగినట్లు రూపొందినది. బూటు లేనిదే దానితో నడవడం కష్టం. మన రైతు చెప్పులు లేకుండా బురద పొలంలో దిగాలి. బాసింపట్టు వేసుకొని నేలమీద కూర్చుని భోజనం చేయాలి. గొంతుకూర్చోవాలి. గుడిలోకి చెప్పులతో పోరాదు. ఇవేవీ ఆ పాదం ఎరుగదు.

అదే ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పి రోగులకు చేతిపనులు నేర్పుతుండేవారు. ఆయనకు పెద్ద చదువు లేదు. చేతిలో విద్య ఉన్నది. వైద్యునికి శరీర నిర్మాణం తెలుసు, శిల్పికి రబ్బరు, కొయ్య తెలుసు, రోగికి తన బ్రతుకు తెలుసు. ఈ మూడు జ్ఞానాలు కలిసినప్పుడు, 1968 ప్రాంతంలో, జైపూర్ కాలు రూపుదిద్దుకొన్నది. చూడడానికి మనిషి పాదంలాగే ఉండి, అన్ని వైపులకూ వంగి, నీటిలో నానినా చెడని రబ్బరు పాదమది. సేథీకి 1981లో రామన్ మెగసెసే బహుమతి లభించింది.

ఆ కాలు దేశమంతటా వ్యాపించడానికి కారకుడైన డి.ఆర్. మెహతా కూడా ఒకనాటి రోగే. ప్రభుత్వోద్యోగిగా ఉండగా 1969లో జరిగిన ప్రమాదంలో ఆయన కాలు పోగొట్టుకోవలసిన స్థితి వచ్చింది. మంచంమీద గడిపిన ఆ నెలలు ఆయనను 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించేటట్లు చేశాయి. రోగిగా అనుభవించినది నిర్వాహకుడుగా ఆయనకు అక్కరకు వచ్చింది.

తెల్లకోటు ఎందుకు వద్దన్నారు?

మహారాష్ట్రలో మన తెలంగాణ సరిహద్దును ఆనుకొని గడ్చిరోలి జిల్లా ఉన్నది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980 దశకంలో అక్కడ సెర్చ్ అనే సంస్థను నెలకొల్పి గోండు గిరిజనుల మధ్య పనిచేయసాగారు. ప్రభుత్వ ఆసుపత్రులకు గిరిజనులు ఎందుకు రారన్న ప్రశ్నకు వారు తమంతట తాము సమాధానం చెప్పుకోలేదు, గిరిజనులనే అడిగారు.

వచ్చిన జవాబులు వైద్యశాస్త్ర గ్రంథాలలో దొరికేవి కావు. పెద్ద పెద్ద భవనాలలో దారి తప్పిపోతామని భయం. రోగిని లోపల ఉంచుకొని బంధువులను బయటకు పంపివేస్తారు. పైగా వైద్యులు, నర్సులు తెల్లని బట్టలు ధరిస్తారు. తాము శవానికి చుట్టేది తెల్లని వస్త్రం. మృత్యువు వేషంలో ఉన్నవారు ప్రాణం ఎలా నిలబెడతారని వారి సందేహం. తమ దేవత లేని చోట వ్యాధి నయమవుతుందన్న నమ్మకమూ వారికి లేదు.

ఈ మాటలను మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. బంగ్ దంపతులు అలా చేయలేదు. గిరిజన గూడెంలాగా కనిపించే కుటీరాలతో ఆసుపత్రి నిర్మించారు. రోగితో బంధువులు ఉండే ఏర్పాటు చేశారు. ఆసుపత్రికి గిరిజనుల ఆరాధ్యదైవమైన దంతేశ్వరీ మాత పేరు పెట్టారు. ఏటా ఆ దేవత పేర జరిగే సభలో ప్రజలే తమ ఆరోగ్య సమస్యలను చర్చించి, వేటికి ప్రాధాన్యం ఇవ్వాలో చెబుతారు. చికిత్సలో శాస్త్రీయత కొంచెమైనా తగ్గలేదు. మారినది గుమ్మం మాత్రమే. ఈ సంస్థ గ్రామీణ స్త్రీలకు తర్ఫీదునిచ్చి ఇళ్ళ వద్దనే నవజాత శిశువులను కాపాడిన పద్ధతి 1999లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రకటితమై, తరువాత జాతీయ కార్యక్రమంలో భాగమైంది.

నడవమంటే చాలదు

మందు మింగించడంకన్న వ్యాయామం చేయించడం కష్టం. మాత్ర ఒక్క క్షణంలో గొంతు దిగుతుంది. వ్యాయామానికి సమయం కావాలి, చోటు కావాలి, ఒంట్లో శక్తి మిగలాలి, నలుగురు నవ్వుతారన్న బిడియం పోవాలి. ఇవన్నీ రోగి జీవితానికి సంబంధించినవే గాని వైద్యుని చీటీకి సంబంధించినవి కావు.

అవసరమా, అపారం. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు, 31 కోట్లకు పైగా అధిక రక్తపోటు ఉన్నవారు ఉన్నారు. ఇవి పట్టణాల జబ్బులని అనుకోరాదు. గోదావరి జిల్లాల 45 గ్రామాలలో మరణాలకు కారణాలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, సుమారు మూడింట ఒక వంతు మరణాలు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనే సంభవించినట్లు తేలింది. వారానికి కనీసం 150 నిమిషాలపాటు ఒక మోస్తరు వ్యాయామం పెద్దలందరికీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు.

ఈ సిఫారసు సూరత్‌లోని ఒక మరమగ్గం కార్మికుని చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మరమగ్గాల మీద పన్నెండు గంటల పాళీ మామూలు. రాత్రి పాళీ దిగి, చెవులలో మగ్గం రొద ఇంకా తగ్గకముందే ఇల్లు చేరిన నేతకార్మికునితో "ఉదయం అరగంట చురుకుగా నడవండి" అంటే అతడు తల ఊపుతాడు, ఇంటికి వెళ్ళి పడుకొంటాడు. అతడు అవిధేయుడు కాడు. పన్నెండు గంటలు నిలబడి మగ్గాల మధ్య తిరిగిన కాళ్ళవి. అతనికి కావలసినది బహుశా నడుముకు, పిక్కలకు ఉపశమనం కలిగించే కదలికలు, పాళీల మధ్య కొద్ది నిమిషాల విరామం, నిద్ర. లేదా అతడు మరేదైనా చెప్పవచ్చును. అడిగితే తెలుస్తుంది.

అడగకపోతే పరిశోధన కూడా దారి తప్పుతుంది. మోకాళ్ళ కీళ్ళవాతం గురించి ఇంగ్లాండ్‌లో చేసిన ఒక పరిశీలన 2000 సంవత్సరంలో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆ వ్యాధిపై జరిగిన చికిత్సా పరీక్షలలో అత్యధిక భాగం మందుల మీదనే జరిగాయి. మందుల మీద ఇంకా పరిశోధన కావాలని కోరిన రోగులు నూటికి పదిమంది కూడా లేరు. శస్త్రచికిత్స గురించి, వ్యాధితో ఎలా నెగ్గుకురావాలో నేర్పే విధానాల గురించి తెలుసుకోవాలని వారి కోరిక. పరిశోధకులు ఒక దారిన, రోగులు మరొక దారిన నడుస్తున్నారన్నమాట.

దీనికి భిన్నమైన ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. గుండెపోటు వచ్చి తేరుకొన్నవారికి వ్యాయామ శిక్షణ అత్యవసరం. కాని పాశ్చాత్య పద్ధతిలో నడిచే కేంద్రాలకు ఖరీదైన యంత్రాలు, పలువురు నిపుణులు కావాలి. అందుచేత మన పరిశోధకులు గుండె వైద్యులను, యోగ నిపుణులను సంప్రదించి, రోగులతో చేయించి చూసి, సరిదిద్ది, యోగ ఆధారంగా ఒక కార్యక్రమాన్ని రూపొందించారు. దేశంలోని 24 వైద్య కేంద్రాలలో 3,959 మంది రోగులతో దీనిని పరీక్షించారు. 12 వారాలలో 13 తరగతులు, ఆపైన ఇంటి వద్ద అభ్యాసం. 2020లో వెలువడిన ఫలితాలను ఉన్నవి ఉన్నట్లు చెప్పుకోవాలి. మరణాలు, తిరిగి వచ్చే గుండెపోట్లు గణనీయంగా తగ్గినట్లు రుజువు కాలేదు. కాని తమ ఆరోగ్యం మెరుగైనదని రోగులు చెప్పారు. గుండెపోటుకు ముందు చేసుకొన్న పనులను తిరిగి చేసుకోగలిగారు. ప్రతిదినం బ్రతకవలసిన మనిషికి ఇది స్వల్ప లాభం కాదు.

వ్యాయామాన్ని అర్ధశక్తి మేరకే చేయాలని మన ఆయుర్వేద గ్రంథాలు విధించాయి. ఆ అర్ధశక్తిని కొలిచే యంత్రం బయట ఎక్కడా లేదు. నుదుట చెమట పట్టడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం దానికి గుర్తులు. చేసేవాడే గమనించుకొని చెప్పాలి. వ్యాయామానికి సంబంధించినంతవరకు రోగి మాట వినక తప్పదని మన పూర్వులు ఈ విధంగా అంగీకరించినట్లే.

సూరత్ నేర్పిన పాఠం

హజీరాకు ఆదర్శం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. హెచ్‌ఐవితో జీవించేవారు తమంత తాము ఏర్పరచుకొన్న గుజరాత్ రాష్ట్ర సంఘానికి సూరత్ నగరమే కేంద్రం. ఆ వ్యాధి తొలిరోజుల్లోనే, 1983లో, అమెరికాలోని డెన్వర్‌లో సమావేశమైన రోగులు తమ గురించి తీసుకొనే నిర్ణయాలలో తమకు స్థానం ఉండాలని ప్రకటించారు. 1994లో పారిస్‌లో పలు ప్రభుత్వాలు ఆ సూత్రాన్ని ఆమోదించాయి. వ్యాధి సోకినదని అప్పుడే తెలిసి కుప్పకూలిన మనిషికి, అదే వ్యాధితో ఏళ్ళ తరబడి జీవిస్తున్న మరొక మనిషి చెప్పే ధైర్యం వేరు. మధ్యలో మందులు మానివేసినవారు ఎందుకు మానివేశారో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

రోగులను సంప్రదించడమంటే వైద్యులను పక్కకు నెట్టడమని భ్రమపడరాదు. సేవ చేసే నర్సు, ఫిజియోథెరపిస్టు, ఆశా కార్యకర్త కూడా తరచు ఆ బల్ల దగ్గర కనిపించరు. ఎన్ని ఇళ్ళు తిరగాలో, ఎన్ని పుస్తకాలు నింపాలో పైనుండి ఆదేశం వస్తుంది. అది సాధ్యమో కాదో తెలిసినవారిని అడిగేవారుండరు. పని చేసేవారి కష్టం వినని పథకం, రోగి కష్టం వినని పథకంలాగే మూలపడుతుంది.

ఇద్దరినీ కలిపి వినే పద్ధతిని ఇంగ్లాండ్‌లో పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ అనే పండితులు రూపొందించారు. 2000 దశకం మధ్యలో లూటన్ పట్టణంలోని ఆసుపత్రిలో, తల, మెడ క్యాన్సర్ రోగుల విభాగంలో దానిని మొదట ఆచరించారు. ముందు రోగుల అనుభవాలను చిత్రీకరించారు. సిబ్బంది అనుభవాలను వేరుగా సేకరించారు. తరువాత ఉభయులూ కలిసి కూర్చుని, వేటిని ముందుగా మార్చాలో నిర్ణయించి, చిన్న బృందాలుగా ఏర్పడి ఆ మార్పులు చేశారు. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. కావలసినది ఓపిక.

హజీరాలో ఎలా మొదలుపెట్టాలి?

ఈ అనుభవాలన్నిటిని కూడితే ఒక మార్గం కనిపిస్తుంది. మొదట, మనుషులు ఉన్న చోటికే వెళ్ళి వినాలి—కాంట్రాక్టు కూలీల గదుల వద్ద, పడవల రేవు వద్ద, పాళీ మారే వేళ గేటు వద్ద. కార్యాలయానికి పిలిస్తే మాట్లాడగలిగినవారే వస్తారు. మాట్లాడలేనివారి అవసరమే ఎక్కువ. గుజరాతీ రాని ఒడియా కూలీ, తెలుగు కూలీ తన భాషలో చెప్పుకొనే వీలుండాలి. స్త్రీలు స్త్రీలతోనే చెప్పుకోగల విషయాలకు వేరే సమయం కేటాయించాలి. వచ్చినవారు ఒక పూట కూలి పోగొట్టుకొంటే ఆ నష్టం భర్తీ చేయాలి; రోగి జ్ఞానానికి విలువ ఉన్నదని అంగీకరించడం అంటే ఇదే.

రెండవది, చిన్నగా ప్రారంభించి, చేసి చూసి, మార్చుకోవాలి. మూడవది, చెప్పిన మాట ఏమైనదో చెప్పినవారికి తెలియజేయాలి. ఒకసారి అడిగి మరి కనిపించని అధికారికి రెండవసారి ఎవరూ మనసు విప్పరు.

చట్టం కూడా ఇందుకు కొంత దారి చూపింది. భోపాల్ దుర్ఘటన అనంతరం, 1987లో, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-జి సెక్షన్‌ను చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియలు జరిగే కర్మాగారాలలో భద్రతా కమిటీలు ఉండాలనీ, వాటిలో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండాలనీ ఆ సెక్షన్ విధించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలోను భద్రతా కమిటీలకు స్థానం ఉన్నది. ప్రమాదం జరగకుండా చూసే విషయంలో కార్మికుని మాటకు విలువ ఉన్నదని ఒప్పుకొన్నప్పుడు, అతని నడుము నొప్పి గురించి, రక్తపోటు గురించి, విశ్రాంతి గురించి అతని మాటకు విలువ లేదనడం పొసగదు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. మందు మోతాదును చేతులెత్తించి నిర్ణయించలేము. గుండెపోటు వచ్చినవాడు ఎంత బరువు ఎత్తవచ్చునో వైద్యుడే చెప్పాలి. ఆ వ్యాయామం ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో, ఎలా చేస్తే రేపు కూడా చేయగలుగుతాడో రోగియే చెప్పాలి. వ్యాధి గురించి వైద్యునికి తెలుసు, వ్యాధితో బ్రతకడం గురించి రోగికి తెలుసు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా చికిత్స కుంటుపడుతుంది.

హజీరా బావుల నీటికి వెనుకటి ఖ్యాతి ఉన్నా లేకున్నా, బావి స్వభావం మారదు. నీరు ఎంత మంచిదైనా, చేదకు కట్టిన తాడు పొట్టిదైతే తోడుకోవడానికి వచ్చినవాడు ఖాళీ కడవతోనే తిరిగిపోతాడు. తాడు ఎన్ని మూరలు తక్కువైనదో గట్టుమీద నిలబడి తోడుకొనేవానికే తెలుసు. ఒక్కమాట అతనిని అడిగితే చాలు.